ఒక మెథడ్‌కి నామకరణం

ఆ గురువారం ఉదయం సైలస్ పెట్టుకున్న పని ఒక్కటే. కాఫీ తాగి, ఇంటి నుంచే వెబ్ ప్రమాణాల కమిటీ ఆన్‌లైన్ మీటింగ్‌లో కూర్చుని, తన పేరు నెగ్గించుకోవాలి. పేరంటే మనిషి పేరు కాదు. వెబ్ పేజీకీ కెమెరాకీ కలిసిన లంకెను తెంచే కొత్త మెథడ్‌కి, అంటే ప్రోగ్రాముల్లో రాసే ఆదేశానికి, పెట్టాల్సిన పేరు. బ్రౌజర్లన్నీ దాన్ని ఒకే పేరుతో పిలవాలి. 'డిటాచ్' అందామని సైలస్ ఏడాదిగా పోరుతున్నాడు. ఆ పేరును పాత వెబ్‌సైట్లు ఏవో వాడేసుకున్నాయనీ, మళ్ళీ పెడితే అవన్నీ చెడిపోతాయనీ కమిటీ అధ్యక్షుడు గ్రెగ్ అడ్డం కొడుతున్నాడు.

సైలస్‌కి ఒళ్ళు మండిపోయింది. మోరిస్‌విల్‌లో తన గరాజ్‌లో అటూ ఇటూ తిరుగుతూ, ఫోన్‌లో సహోద్యోగి శ్రీవిద్య దగ్గర కోపం వెళ్ళగక్కాడు.

"ఎప్పుడో కట్టుకున్నదాన్ని పట్టుకుని ఎన్నాళ్ళు వేలాడతాం శ్రీవిద్యా? అటాచ్ అన్నప్పుడు నోరెత్తనివాళ్ళకి డిటాచ్ అనేసరికి నొప్పొచ్చిందా? ఇవాళ తేల్చేస్తా. సెపరేట్ అన్నా నాకు ఓకే. డివోర్స్ అని మాత్రం వద్దు, వినడానికి బాగోదు!"

గరాజ్ తలుపు సగం తెరిచే ఉంది. బిర్యానీ గిన్నె తిరిగిచ్చి పోదామని వచ్చిన లూసీ ఆంటీ బయటే నిలబడిపోయింది. ఆవిడ తెలుగు చర్చిలో స్త్రీల ప్రార్థన కూటానికి పెద్ద. గిన్నెతో సహా వెనక్కి వెళ్ళి, కార్లో కూర్చునే చర్చి గ్రూప్‌లో మెసేజ్ పెట్టింది: "సైలస్, పర్సిస్‌ల కాపురం కోసం అర్జెంటుగా ప్రార్థించండి."

ఆఫీసులో ఉన్న పర్సిస్‌కి వరసగా ఓదార్పు ఫోన్లు మొదలయ్యాయి. మూడో ఓదార్పులో శ్రీవిద్య పేరు కూడా వినబడేసరికి ఆమె కారు తాళాలు అందుకుంది.

మీటింగ్‌లో సైలస్ ఉపన్యాసం మంచి ఊపులో ఉండగా గది తలుపు ధడాలున తెరుచుకుంది. ముందు పర్సిస్, వెనక లూసీ ఆంటీ, ఆవిడ వెనక కూటంలో సగం మంది.

"నన్ను డిటాచ్ చేస్తారా? ఎవరండీ ఆ శ్రీవిద్య?"

తెరమీద శ్రీవిద్య మర్యాదగా చెయ్యెత్తింది. "నేనే పర్సిస్ గారూ. నా ఓటు కూడా డిటాచ్‌కే."

లూసీ ఆంటీ ఇక ఆగలేదు. మోకాళ్ళమీద పడి, "ప్రభువా, ఈ బిడ్డల్ని విడువకు! విడువకు! విడువకు!" అని ఎలుగెత్తింది. సైలస్ కంగారులో మ్యూట్ బటన్ నొక్కబోయి కాఫీ ఒలకబోసుకున్నాడు.

"ఆగండి," అన్నాడు గ్రెగ్ ఇంగ్లీషులో. "ఆమె ఏమంది? విడువాకూ?" కాసేపు టకటకా వెతికాడు. "అద్భుతం! ఏ వెబ్‌సైటూ ఈ పేరు వాడలేదు!"

"దానర్థం 'వదలొద్దు' అని!" సైలస్ అరిచాడు. "లంకె తెంచేదానికి ఆ పేరేమిటి? అన్యాయం కాదా?"

"అర్థం వల్ల వెబ్‌సైట్లు చెడిపోవు సైలస్," అన్నాడు గ్రెగ్.

చేతులన్నీ లేచాయి. శ్రీవిద్యది కూడా. ఉక్రోషంతో సైలస్ కుర్చీలో కూలబడితే, అప్పటికి సంగతి అర్థమైన పర్సిస్ నవ్వాపుకుంటూ తువ్వాలు తెచ్చి బల్ల తుడిచింది.

ఆదివారం చర్చిలో లూసీ ఆంటీ సాక్ష్యం చెప్పింది. తమ ప్రార్థన మూలంగా సైలస్ డిటాచ్ ఆలోచన పూర్తిగా మానుకున్నాడని. అందులో అబద్ధమేమీ లేదు కాబట్టి, పక్క కుర్చీలో కూర్చున్న సైలస్ పళ్ళు కొరుకుతూ ఆమెన్ అన్నాడు.