రెండు తొట్లూ, మూడు కిలోల పాపాయీ

ఆ ఉదయం బహ్గత్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. దుకాణం తలుపులు తీసేసరికి గుమ్మంలో ఉండాలి. మంచం పక్కన బిగించే పసిపిల్లల తొట్టి ఒకటి కొనాలి. ఇంటికి తెచ్చి బిగించాలి. మధ్యాహ్నం నమాజు వేళకు టాక్సీ మాట్లాడుకుని ఆసుపత్రికి వెళ్ళి, భార్యనూ కూతుర్నీ ఇంటికి తీసుకురావాలి. అలెగ్జాండ్రియా నగరంలో ఆ రోజు ఇంతకన్నా తేలికైన పని ఇంకెవరికీ ఉండి ఉండదు.

పెళ్ళయిన పదకొండేళ్ళకు పుట్టిన పిల్ల. బడిలో భౌతికశాస్త్రం చెప్పే బహ్గత్, పాప ఫోటోను రొట్టెలవాడికి చూపించాడు, ట్రాములో కండక్టరుకు చూపించాడు, అడ్రసు అడిగిన ఒక అపరిచితుడికి అడ్రసు చెప్పడం మానేసి ఫోటో చూపించాడు. ఆనందంతో రెండు రాత్రులుగా అతనికి కంటి మీద కునుకు లేదు. దుకాణానికి నడుస్తుంటే నెవీన్ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది.

"కుట్లతో నేను లేవలేను, వంగలేను. తొట్టి మంచానికి ఆనుకుని ఉండాలి. చెయ్యి చాపితే పాప అందాలి. పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. మంచానికీ తొట్టికీ మధ్య సందు ఉండకూడదు. లోపల దిండ్లూ కుచ్చులూ మెత్తలూ ఏమీ వద్దు. విన్నావా?"

"విన్నాను."

"ఏదీ, తిరిగి చెప్పు."

బహ్గత్ పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"ఇంకోటి. అందంగా ఉందని మాత్రం తేకు."

"నేనా!" అన్నాడు బహ్గత్ నొచ్చుకుని.

దుకాణంలో మొదట కనబడింది అందమైనదే. తెల్లగా మబ్బుతునకలా ఉంది. చుట్టూ మెత్తటి అంచులు, వాటికి కుచ్చులు. దాని పక్కన బీచ్ అనే గట్టి చెక్కతో చేసిన మరొకటి నిలబడి ఉంది. చూపులకు కూరగాయల పెట్టెలా ఉంది గానీ ఊపితే కదల్లేదు. బహ్గత్ తెల్లదాన్ని నిమిరాడు, చెక్కదాన్ని కుదిపాడు, మళ్ళీ తెల్లదాన్ని నిమిరాడు. చివరికి ప్రదర్శనకు పెట్టిన మంచమెక్కి పడుకోబోయాడు.

"పడుకోవలసింది పాప కదా ఉస్తాద్, మీరెందుకు?" అన్నాడు దుకాణదారు కంగారుగా.

"పరీక్షించకుండా ఎలా తీసుకోమంటావు?"

"ఇంటికి తీసుకెళ్ళి పరీక్షించుకోండి మహానుభావా. రెండూ తీసుకెళ్ళండి. వద్దనుకున్నది గీత పడకుండా సాయంత్రానికి తిరిగి పంపేయండి చాలు."

బహ్గత్‌కు ప్రాణం లేచొచ్చింది. రెండు తొట్లనూ బండి మీద వేయించుకుని ఇంటికి చేరాడు.

ఇంట్లో అతని తల్లి, హజ్ చేసొచ్చిన హాగ్గా దౌలత్, రాబోయే చుట్టాల కోసం పొద్దుటి నుంచీ పొయ్యి వదలకుండా ఉంది. ఒక పొయ్యి మీద బాలింత కోసం కోడి పులుసు, బల్ల మీద బియ్యం కూరి చుట్టడానికి ఉడికించిన క్యాబేజీ ఆకులు. ఆవిడ వెల్లుల్లి దంచుకుంటూ అటు తిరిగిన సమయం చూసి, బహ్గత్ మూడు కిలోల బియ్యం సంచి చంకన పెట్టుకుని పడకగదిలోకి జారుకున్నాడు. పాప బరువు కూడా అంతే. సంచిని కొత్త గులాబీరంగు దుప్పట్లో చుట్టాడు. పైన చిన్న ఊలు టోపీ తొడిగాడు. తొడిగాక కాసేపు చూసి, మురిపెం ఆగక ముద్దు కూడా పెట్టుకున్నాడు.

ముందు తెల్ల తొట్టిని మంచానికి చేర్చి, బియ్యం పాపాయిని అందులో పడుకోబెట్టాడు. కాస్త ఊపగానే అది దొర్లి మెత్తటి అంచులో కూరుకుపోయింది. టోపీ ఉన్నవైపు, అంటే ముఖం ఉండాల్సిన వైపు, అసలు కనబడనే లేదు. బహ్గత్ చప్పున దాన్ని పైకి లాగి సరిచేశాడు. ఇక మంచం మీద పడుకుని, నిద్రలో మనిషి దొర్లినట్టు దొర్లి మోచేత్తో ఒక్కటి పొడిచాడు. తొట్టి పక్కకు జరిగింది, మధ్యలో సందు విచ్చుకుంది, పాపాయి ఆ సందులోంచి దభీమని నేల మీద పడింది.

"పడిపోయింది!" అని కేక పెట్టాడు బహ్గత్ సంబరంగా. "చూశావా, పడిపోయింది! నేననుకున్నట్టే పడిపోయింది!" దాన్ని ఒక కొసన పట్టుకుని లేపి, ధ్రువపరచుకోవడానికి మరోసారి పడేశాడు. మళ్ళీ పడింది. అతను రెండు గంతులు వేశాడు.

ఆ వీధి ఎంత ఇరుకంటే, ఎదురింటి కిటికీలోంచి చెయ్యి చాపి ఉప్పు అందుకోవచ్చు. ఆ కిటికీలో బట్టలు ఆరేస్తున్న ఉమ్ షౌకీ చేతిలోంచి తడి చొక్కా జారి వీధిలో పడింది. "బహ్గత్! ఒరే పాపిష్టోడా! దాన్ని చంపేస్తావురోయ్!" అని ఆవిడ గొంతు చించుకుంది. సరిగ్గా అప్పుడే కింద గ్యాసు సిలిండర్ల వాడు రెంచీతో సిలిండర్లను టంగుటంగుమని మోగించుకుంటూ పోతున్నాడు. బహ్గత్‌కు ఒక్క ముక్క వినబడలేదు. ఎదురింటావిడ నోరు తెరిచి చేతులు ఊపడం చూసి, శుభాకాంక్షలు చెబుతోందనుకుని, గుండె మీద చెయ్యేసుకుని వినయంగా తల వంచాడు. ఎండ కళ్ళలో పడుతోందని కిటికీ తలుపులు మూసేశాడు.

చెక్క తొట్టి పరీక్ష ప్రశాంతంగా సాగింది. మంచానికి పట్టీలు బిగించి, మంచంవైపు పలకను కిందికి దించాడు. పాపాయిని ఊపాడు, కుదిపాడు. తొట్టి చలించలేదు. సందు అసలే లేదు. ఇక మిగిలింది నిద్రలో దొర్లే పరీక్ష. సరిగ్గా నిద్రపోయినట్టే నటించాలని కళ్ళు మూసుకున్నాడు. రెండు రాత్రుల జాగరణ వాటిని మళ్ళీ తెరవనివ్వలేదు.

ఈలోగా ఉమ్ షౌకీ ఫోన్ అందుకుని బహ్గత్ అత్తగారు ఇన్సాఫ్‌కు కలిపింది.

"ఇన్సాఫ్! మీ అల్లుడు పాపని కిందపడేశాడు! పడేసి గంతులేస్తున్నాడు!"

ఆసుపత్రి గదిలో ఇన్సాఫ్ తన ఒళ్ళోకి చూసుకుంది. పాప అక్కడే వెచ్చగా నిద్రపోతోంది. అయినా ఆవిడ కెవ్వుమంది.

"ఏ పాపనే?"

"పాపనే తల్లీ! గులాబీ దుప్పటి, తలకి టోపీ! నా కళ్ళారా చూశా. ముద్దు పెట్టుకున్నాడు కూడా, తర్వాత పడేశాడు!"

ఇన్సాఫ్ ఫోన్ పెట్టేసి క్షణం ఆలోచించింది. పాప ఇక్కడుంది. ఇంట్లో ఇంకో పాప ఉంది. పాపంటూ ఉంటే దానికో తల్లి ఉండి తీరాలి.

"నెవీన్, లే. చెప్పులేసుకో."

"ఏమైందమ్మా? బహ్గత్ రావాలి కదా?"

"వాడు రాడు. వాడికి ఇంకో సంసారం ఉంది. ఇంకో పెళ్ళాం, ఇంకో కూతురు. ఉమ్ షౌకీ చూసిందట!"

"తనకా?" నెవీన్ నవ్వబోయి కుట్లు లాగితే ఆగిపోయింది. "రెండు గ్లాసుల టీ ఒలక్కుండా తేలేడమ్మా. రెండు సంసారాలు మోస్తాడా?"

ఎలాగూ డాక్టరు పొద్దున్నే వెళ్ళొచ్చని చెప్పేశాడు. ముగ్గురూ టాక్సీ ఎక్కారు. మొదట నవ్వుకున్న నెవీన్ టాక్సీ సముద్రం ఒడ్డున మలుపు తిరిగేసరికి కాస్త తగ్గింది. ఇంటి వీధి వచ్చేసరికి అసలు మాట్లాడటం మానేసింది.

ఇక్కడ ఉమ్ షౌకీ తమ భవనంలో ఆడవాళ్ళనూ, బహ్గత్ వాళ్ళ కాపలాదారు మిత్‌వల్లీనీ వెంటేసుకుని మేడెక్కి తలుపు బాదింది. పిడికిళ్ళతో బాదింది, చెప్పుతో బాదింది. చాలాసేపటికి హాగ్గా దౌలత్ చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు తీసింది. అంతమందిని చూసి ఆవిడ ముఖం చాటంత అయింది.

"రండి రండి! ఇంత పొద్దున్నే వచ్చారు, మీ అభిమానం చల్లగుండ!"

"బహ్గత్ ఏడీ?" అంది ఉమ్ షౌకీ.

"గదిలో పడుకున్నాడమ్మా, లేపకండి. పాపం రెండు రోజులుగా నిద్ర లేదు."

"అంత పని చేసి పడుకున్నాడా! హాగ్గా, దాన్ని దుప్పట్లో చుట్టి నేలకేసి కొట్టాడు, నేను చూశా! అదెక్కడుంది?"

హాగ్గా దౌలత్‌కు సిగ్గు ముంచుకొచ్చింది. వంటకు బియ్యం కనబడక ఇల్లంతా వెతికి, చివరికి కొడుకు పక్కలో టోపీ పెట్టుకుని ఉన్న బియ్యాన్ని చూసి ఆవిడ అప్పటికే తల పట్టుకుని ఉంది. ఇప్పుడది వీధంతా తెలిసిందన్నమాట.

"ఏం చెప్పనమ్మా, వాడి చేష్టలు చిన్నప్పటి నుంచీ అంతే," అంది గొంతు తగ్గించి. "నేనే చూసి తీసుకొచ్చేశాను. శుభ్రంగా కడిగి పొయ్యి మీద పెట్టాను."

గుమ్మంలో ఉన్నవాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

"అంతా కాదులే," అంది హాగ్గా దౌలత్, వాళ్ళ ముఖాలు చూసి సర్దిచెబుతూ. "సగమే. మిగతా సగం రేపటికి దాచాను. కూర్చోండి, తిని వెళ్దురు గాని."

ఉమ్ షౌకీ చడీచప్పుడు లేకుండా వెనక్కి వాలి మిత్‌వల్లీ మీద పడింది. మిత్‌వల్లీ ఆవిడతో సహా గోడకు చేరగిలబడ్డాడు. మిగిలినవాళ్ళు కేకలు వేస్తూ వంటగదిలోకి దూసుకుపోయారు. అందరికన్నా ముందున్నావిడ కళ్ళు గట్టిగా మూసుకుని, దేవుణ్ణి తలుచుకుని మూత ఎత్తింది. గిన్నెలో టమాటా రసం, కొత్తిమీరతో కలిసి బియ్యం కుతకుతలాడుతోంది. వాసన కూడా బ్రహ్మాండంగా ఉంది. గోడ మీద కొక్కేనికి ఊలు టోపీ వేలాడుతోంది.

స్పృహలోకి వచ్చిన ఉమ్ షౌకీ, సంగతి తెలిశాక, "నా కళ్ళజోడు లేదు, నేనేం చెయ్యను?" అంటూ ఇంటికి పోబోయింది. సరిగ్గా అప్పుడే ఇన్సాఫ్ మనవరాలిని గుండెకు హత్తుకుని మెట్లెక్కి వచ్చింది. ఆవిడ వెనక, టాక్సీ ఆగడం విని కిందికి దిగిన మిత్‌వల్లీ, టాక్సీ డ్రైవరు కలిసి నెవీన్‌ను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొస్తున్నారు.

"ఇన్సాఫ్, ఒక్క మాట..." అంది ఉమ్ షౌకీ.

"తర్వాత!" అని ఇన్సాఫ్ నేరుగా పడకగదిలోకి నడిచింది.

బహ్గత్ వెల్లకిలా పడి ఉన్నాడు. ఒక కాలు మంచం దాటి, చెక్క తొట్టి లోపలి పరుపు మీద నిశ్చింతగా విశ్రమించి ఉంది. ఇన్సాఫ్ పిలిచింది, లేవలేదు. కుదిపింది, లేవలేదు. ఉమ్ షౌకీ నీళ్ళు చిలకరిస్తే పెదాలు నాక్కున్నాడు. పాప కేర్‌మంటే అటు తిరిగి పడుకున్నాడు. చివరికి నెవీన్ మంచం అంచున కూర్చుని చెవి మెలిపెట్టింది.

"ఎవత్తె అది?" అని అడిగింది ఇన్సాఫ్, అతను కళ్ళు తెరవగానే.

బహ్గత్‌కు భార్య కనబడింది. ముఖం వెలిగిపోయింది. "వచ్చేశారా! నేనే చెబుదామనుకున్నాను, అప్పుడే తెలిసిపోయిందా? ఒకటి కాదు నెవీన్, రెండు తెచ్చాను!"

"రెండా!" అంది ఇన్సాఫ్, గోడ పట్టుకుని.

"ఏం చెయ్యను? తెల్లదాన్ని చూశాక వదలబుద్ధి కాలేదు. మెత్తగా ఎంత బాగుందో! కానీ పక్కన చేర్చుకుంటే నిలవదు, జారిపోతుంది. ఇదేమో గట్టిపిండం. అందం లేదు గానీ నమ్ముకోవచ్చు. నీకేది నచ్చితే అది ఉంచుకుందాం. రెండోదాన్ని సాయంత్రానికి తిరిగి పంపేస్తానని వాళ్ళతో మాట కూడా అయింది. గీత పడకుండా ఉంటే చాలన్నారు, మంచివాళ్ళు."

నెవీన్ చూపు మంచం పక్కన బిగించిన చెక్క తొట్టి మీద పడింది. అక్కణ్ణించి మూలన కుచ్చులు వేలాడేసుకుని ఉన్న తెల్ల తొట్టి మీదికి వెళ్ళింది. ఆవిడ రెండు చేతులతో పొట్ట పట్టుకుంది.

"ఎవరైనా ఈయన నోరు మూయండి," అంది కళ్ళ నీళ్ళతో. "నవ్వితే కుట్లు తెగేలా ఉన్నాయి!"

అప్పుడు ఇల్లంతా నవ్వింది. వంటగదిలోంచి శుభకార్యాల్లో ఆడవాళ్ళు పెట్టే సంతోషపు కూతలు లేచాయి. సంగతి అర్థం కాని బహ్గత్ కూడా అందరితో పాటు నవ్వాడు. తర్వాత నెవీన్ పనిలోకి దిగింది. తొట్టికీ మంచానికీ మధ్య వేలు పెట్టి చూసింది, దూరలేదు. పరుపు మీద అరచేత్తో నొక్కి చూసింది, కుంగలేదు. లోపల ఏమీ లేదు. తెల్లదానికేసి తిరిగి కూడా చూడలేదు.

"మంచిది ఏరావు బహ్గత్," అంది మెల్లగా. "నిజంగా మంచిది ఏరావు."

పాపను వెల్లకిలా పడుకోబెట్టారు. అది గుప్పిళ్ళు రెండూ చెవుల పక్కన పెట్టుకుని, ఒకసారి ఆవులించి, ఈ గొడవతో తనకేం సంబంధం లేనట్టు నిద్రపోయింది. నెవీన్ పడుకున్నచోటి నుంచి చెయ్యి చాపింది. పాప అందింది. బహ్గత్ ముఖం అటు తిప్పుకుని చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత, గెలిచినవాడి ఠీవితో, మంచం మీద తన చోటికి ఎక్కబోయాడు.

"ఎక్కడికి?" అంది నెవీన్.

"పడుకోవడానికి."

"తలుపు బాదితే లేవలేదట. నీళ్ళు చల్లితే లేవలేదు. పాప ఏడిస్తే అటు తిరిగావు. నీ కాలు ఎక్కడుందో చూశావా? పాప ఉండాల్సిన చోట ఉంది."

"అయితే ఏమంటావు?"

"తొట్టికేం ఢోకా లేదు. మంచంలోనే ఉంది ప్రమాదం."

ఇన్సాఫ్ అప్పటికే దిండు తెచ్చుకుని అల్లుడి చోటు సర్దుకుంటోంది. హాగ్గా దౌలత్ ముందు గదిలో సోఫా మీద దుప్పటి పరిచి, అందరికీ వడ్డించడానికి వెళ్ళిపోయింది.

బహ్గత్ ఎంచిన తొట్టి ఎంత భద్రమైనదంటే, దాని దరిదాపుల్లో పడుకునే అర్హత ఆ ఇంట్లో అతనొక్కడికే లేకపోయింది.