కేడర్ ప్రకారం నడుము దిండు

"నడుము నిటారుగా ఉంటేనే పరిపాలన నిటారుగా ఉంటుంది" అని నర్సీపట్నంలోని ఒక ప్రభుత్వ కార్యాలయానికి అధిపతి అయిన రమేష్‌బాబు గారు సోమవారం ఉదయం ప్రకటించారు. ఇకపై అక్కడి పద్నాలుగు కుర్చీలకూ నడుము దిండ్లు అమరుస్తారు.

ఇంతటి పథకానికి మూలం ఒక చిన్న అర్జీ. కంప్యూటర్ ఆపరేటర్ సుజిత రోజుకి తొమ్మిది గంటలు కూర్చుని జనం దరఖాస్తులు ఎక్కిస్తుంది. నడుము పట్టేసింది. ఇలాగే కూర్చుంటే నెల తిరిగేసరికి మంచాన పడతావన్నాడు డాక్టరు. ఆమె వరదానం పరుపుల దుకాణానికి వెళ్లి, సొంత డబ్బుతో రెండంగుళాల చిన్న దిండొకటి కొనుక్కుంది. దాన్ని ఆఫీసు కుర్చీకి కట్టుకోవడానికి అనుమతి ఇప్పించమని అర్జీ పెట్టుకుంది. అంతే ఆమె అడిగింది.

రమేష్‌బాబు గారి దృష్టి విశాలమైనది. ఒక్క నడుముకి అనుమతి ఇవ్వడం ఆయనకి చిన్నతనంగా తోచింది. వరదానాన్ని పిలిపించారు.

వరదానం ముప్పై ఏళ్లుగా పరుపులు అమ్ముతున్నాడు. మనిషి దుకాణం మెట్లెక్కే తీరు చూసి ఎంత మెత్తన కావాలో అంచనా కట్టగలడు. మూడు శాంపిళ్లు బల్ల మీద పెట్టాడు.

"నడుం కాడ గుంటుంటాది కదండీ, ఆ గుంట నిండాల. అంతకి మించి అక్కర్లేదు. ఆ పాపని ఓ పూట కూకోబెట్టండి సార్, ఏది బాగుందో తనే సెప్తాది."

"ఆ అమ్మాయి అవుట్‌సోర్సింగ్ అండీ. ఆవిడ నడుము అభిప్రాయం రికార్డులోకి రాదు. అయిదు పర్మనెంట్ నడుములతో కమిటీ వేస్తున్నాను. ఒక్కొక్కరూ ఆరు గంటలు కూర్చుని రిమార్కు రాస్తారు."

పరీక్ష రోజు పదకొండింటికి వరదానం వెళ్లి చూశాడు. అయిదు కుర్చీల్లో దిండ్లు క్రమశిక్షణగా కూర్చుని ఉన్నాయి. ఒక్కో కుర్చీకి ఒక్కో క్యారేజీ సంచి వేలాడుతోంది. మనుషులు లేరు.

"ఏటి సింగన్నా, సార్లెవరూ రానేదా?"

"వచ్చీసినారండీ. సంచీలు కనపడ్డం లేదేటి?" అన్నాడు అటెండరు సింగన్న.

ఆ ఆఫీసులో సంచి వచ్చిందంటే మనిషి వచ్చినట్టే. సాయంత్రానికి అయిదు రిమార్కులూ అందాయి. మూడు శాంపిళ్లకీ ఒకటే మాట: "నొప్పి లేదు." వరదానం ఎంత వెతికినా అందులో అబద్ధం దొరకలేదు.

మూడూ సమానమని తేలాక, మందాన్ని కేడర్ నిర్ణయించింది. రమేష్‌బాబు గారికి ఆరంగుళాలు, సూపరింటెండెంటుకి నాలుగు, సీనియర్ అసిస్టెంట్లకి మూడు, జూనియర్లకి రెండు, సింగన్న స్టూలుకి కూడా ఒకటి.

"సార్, ఆరంగుళాలు ఎనకాల ఎడితే మీరు ముందుకి జారిపోతారండీ."

"నేను జారితే పర్వాలేదు. కేడర్ జారకూడదు."

"మరి సుజితమ్మకండీ?"

"అవుట్‌సోర్సింగుకి సున్నా అంగుళాలు."

"పోనీ తను కొనుక్కున్నదే కట్టుకోమనండి సార్. డాక్టరు సెప్పిన నెలలో ఇరవై రోజులైపోనాయి."

"సున్నా వచ్చిన మనిషి సొంతంగా రెండంగుళాలు పెట్టుకుంటే, జూనియర్ అసిస్టెంటు ముఖం ఎక్కడ పెట్టుకోవాలండీ?"

అర్జీ తిరస్కరిస్తూ ఆర్డరు వెలువడింది. టైపు చేసింది సుజితే. ఆ ఆఫీసులో టైపు వచ్చినది ఆమె ఒక్కదానికే. రెండు అక్షరదోషాలు ఉంటే అవీ సరిదిద్దింది.

వరదానం సరుకంతా దింపేశాడు. నొప్పి ఉన్న నడుముకి తప్ప అన్నిటికీ దిండ్లు అమ్మిన బేరం అతని ముప్పై ఏళ్లలో ఇదే మొదటిది.

శుక్రవారం ప్రారంభోత్సవం. రమేష్‌బాబు గారు కుర్చీ అంచున, రెండు చేతులా బల్ల పట్టుకుని, ఠీవిగా ఉన్నారు. హాలు చివర సుజిత కంప్యూటరుని ఫైళ్ల కట్టల మీదకి ఎక్కించి, నిలబడి టైపు చేస్తోంది.

"ఏటమ్మా, నిలబడిపోనావు?" అన్నాడు వరదానం గొంతు తగ్గించి.

"కూకుంటే కాలిదాకా లాగేస్తంది అంకుల్. ఈ రెండొందల దరఖాస్తులూ సాయంత్రంలోగా ఎక్కించకపోతే రేపట్నించి రావద్దన్నారు."

ఇంతలో యలమంచిలి నుంచి రిపోర్టరు కిరణ్ బాబు వచ్చాడు. కూర్చోవడానికి చోటు లేదు. కుర్చీలన్నిట్లోనూ సంచులున్నాయి.

"సింగన్నా, ఆ అమ్మాయి కుర్చీ ఖాళీగానే ఉంది కదా, బేగి పట్రా" అన్నారు రమేష్‌బాబు గారు.

సింగన్న తెచ్చాడు. కిరణ్ బాబు కూర్చుని పెన్ను తీశాడు.

"నేను చెప్పడం ఎందుకు, మీరే పరిశీలించండి" అన్నారు రమేష్‌బాబు గారు. "ఈ ఆఫీసులో నడుము నొప్పితో కూర్చున్న మనిషి ఒక్కరైనా ఉన్నారా?"

కిరణ్ బాబు హాలంతా ఈ చివర నుంచి ఆ చివర దాకా నిదానంగా చూశాడు. సుజిత ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుని, తర్వాతి దరఖాస్తు అందుకుంది.

"లేరండీ" అని రాసుకున్నాడు.