కృష్ణలో బీరప్ప మంద

మృగశిర కార్తె నాడు ఇంట్లో చేప ఉడకకపోతే ఏడాదంతా దగ్గుతో చస్తామని సుక్కమ్మ నమ్మకం. ఆ నమ్మకం నందికొండ డ్యామ్ క్యాంపులో అందరికీ ఉన్నదే. కాకపోతే సుక్కమ్మకు దానికి తోడు ఒక షరతు కూడా ఉంది. ఆ పొద్దున పొయ్యి ముందు కూర్చుని, కట్టెలు ఎగదోస్తూ ఆ షరతును మొగుడికి మరొక్కసారి వినిపించింది.

"ఇగో, మంచిగిను. పగటి బస్సుకు మా అన్నా వదినా వస్తాండ్రు. నీ గాలానికి పడ్డ చేప గీ పొయ్యి మీద ఉడకాలె. ఏడాది సంది నది కాడ కూసుంటున్నవు, ఒక్క తోక ఇంటికి రాలే. ఇయ్యాల గూడ రాకపోతే నీ గాలపు కట్టె గీ పొయ్యిల ఉడుకుతది."

"కట్టె ఉడకదే, కాలుతది," అన్నాడు బీరప్ప.

"కాలబెడ్త, ఫికర్ చెయ్యకు."

బీరప్ప దేవరకొండ పక్క పల్లెలో గొర్లు కాసిన ఇంటివాడు. ఆ గొర్లు రోగమొచ్చి పోయాక, డ్యామ్ పని మొదలైందని విని సర్వే సెక్షన్‌లో కొలత గొలుసు పట్టే పనికి కుదిరి, మూడేండ్లుగా క్యాంపులో ఉంటున్నాడు. ఆరు రోజులు ఓవర్సీరు చూపిన ఒక రాయి నుంచి ఇంకో రాయి దాకా గొలుసు లాగడం, ఏడో రోజు ఏం తోచక గోడలను చూడడం, ఇదీ బతుకు. ఇట్లా ఉండగా కిందటేడు వానాకాలంలో కృష్ణ ఒడ్డున ఎవరో గాలం వేస్తుంటే చూశాడు. చేతిలో కట్టె, నీళ్ళ మీద బెండు, నోరు మూసుకుని గంటల తరబడి కూర్చోవడం. అచ్చం గొర్లు కాయడమే, కాకుంటే మంద కనబడదు. బీరప్పకు ప్రాణం లేచి వచ్చింది.

ఇక ఆదివారం వస్తే మనిషి ఆగేవాడు కాదు. వానాకాలం నది ఎర్రగా సుళ్ళు తిరుగుతుంటే ఒడ్డు వార నిలిచిన నీళ్ళలో ఎర్రలు గుచ్చి వేశాడు. జెల్ల చేప ముల్లు దిగి చెయ్యి పొంగితే మూడు రోజులు గొలుసు ఎడమ చేత్తో లాగాడు. దసరా నాటికి నీళ్ళు తేటపడ్డాయి, జొన్నపిండి ముద్దకు బొచ్చె పిల్లలు ఎగబడ్డాయి. చలికాలం చేపలన్నీ అడుక్కు దిగి మూతి బిగించుకుంటే, రెండు నెలలు గొంగడి కప్పుకుని ఉత్త బెండును చూస్తూ కూర్చున్నాడు. ఎండాకాలం నది చిక్కిపోయి బండల మధ్య మడుగులు మిగిలాక మిడతలను గుచ్చి వేశాడు. ఏ కాలానికి ఆ కాలమే బాగుందనిపించేది.

ఏడాది పొడుగునా పడ్డవి పదిహేడు. ఇంటికి తెచ్చినవి సున్న. ఎందుకంటే పడ్డవన్నీ జానెడు పిల్లలే. పిల్లను కోస్తే మంద పెరగదని వాళ్ళ తాత చెప్పిన మాట, ఆ మాట దాటడం బీరప్ప వల్ల కాదు. పెరిగినాక చూద్దామని నీళ్ళలో వదిలేసేవాడు. ఉత్తగా వదిలినా బాగుండేది. వదిలే ముందు ఉన్ని కత్తెర తీసి తోకకు రెండు గాట్లు పెట్టేవాడు.

వాళ్ళ ఇంటి గొర్లకు ఎడమ చెవికి రెండు గాట్లుంటాయి. చేపకు చెవి లేదు, తోక ఉంది కాబట్టి అక్కడ పెట్టాడు. గాటు పడ్డ జీవం ఏ మందలో కలిసినా, ఎన్ని కోసుల దూరం పోయినా గాటు పెట్టినవాడిదే. గొర్లకాపర్లలో ఈ మాటకు తిరుగులేదు. అందుచేత కృష్ణలో తనకు పదిహేడు తలల మంద ఉందని బీరప్ప మనస్ఫూర్తిగా నమ్మేవాడు. సుక్కమ్మకు చెప్తే ఆమె చేట పక్కన పెట్టి, "మరి పొద్దుమీకంగ ఇంటికొస్తయా? పాలు పిండుకుందాం," అన్నది.

ఆ మృగశిర నాడు బీరప్ప, ఓవర్సీరు అమరేందర్ సారుకు జ్వరమని కబురు పంపి, ఆరు గంటలకే మడుగు దగ్గర కూర్చున్నాడు. ఎర్రలు వేశాడు, పిండి వేశాడు, మిడతలు వేశాడు. పది గంటల దాకా కూర్చుంటే ఒక ఎండ్రికాయ వచ్చి దారం పట్టుకుని వేలాడింది. దాన్ని వదిలేసి లేచాడు. పొయ్యిలోకి పోబోయే కట్టెను ఒకసారి నిమిరాడు. గొర్లు పోయినప్పుడు కూడా అంత దిగులు పడలేదు. ఇంటి దారి అంగడి మీదుగానే కాబట్టి, తల వంచుకుని ఆ దారినే నడిచాడు.

అంగట్లో చేపలమ్మే నర్సింగమ్మ గంప దగ్గర అతని కాళ్ళు ఆగిపోయాయి. గంపలో పైనే, నోరు తెరుచుకుని రెండు సేర్ల బొచ్చె. దాని తోకకు రెండు గాట్లు.

"అక్కా! ఎవలకియ్యకు! గిది నాది!"

"బేరం చెయ్యకముందే నీదెట్లయితది తమ్మీ?"

"గాటు సూడు. దసరా పోయినంక ఆదివారం నేనే పెట్టిన. అప్పుడు గింతుండె."

నర్సింగమ్మ గాటును చూసింది, బీరప్పను చూసింది. "తెల్లారంగ నా మొగడు వలేసి పట్టిండు. నీ గాటు గీటు నాకెర్క లేదు."

"పట్టిండు, కాదంటలేను. తప్పిపోయిన జీవాన్ని సాకినోళ్ళకు మేపిన కూలి ఇచ్చుడు మా రివాజు. ఏం గావాలె చెప్పు."

"నేనేడ మేపిన? కృష్ణమ్మ మేపింది. పో, గామెకియ్యి కూలి!"

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. కాని ఆ నవ్వినవాళ్ళలో సగం మంది మందల పల్లెల నుంచి రాళ్ళ పనికి వచ్చినవాళ్ళే. వాళ్ళలో ఒకడు నవ్వు ఆపి, "నవ్వుడు కాదుర బయ్, గాటున్నదంటె ఆయనదే," అన్నాడు. "నీళ్ళల్ల గాటేందిరా, నీ మొకం!" అని వల పట్టేవాళ్ళు లేచారు. ఇటు పదిమంది, అటు పదిమంది అయ్యారు. ఈ లోపల సంచిలో చేప పెట్టుకుపోతున్న ఒకాయన అనుమానం వచ్చి తీసి చూస్తే, దాని తోకకూ రెండు గాట్లు. బీరప్ప ఆనందం పట్టలేకపోయాడు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని, "అరే, ఎంత పెద్దగైనవురా! ఏడ తిరుగుతున్నవురా ఇన్ని దినాలు!" అని పలకరించాడు.

సరిగ్గా అప్పుడు, చేప కోసమే సంచి పట్టుకుని ఓవర్సీరు అమరేందర్ వచ్చాడు. జ్వరంతో ఇంట్లో పడుకుని ఉండవలసిన బీరప్ప గొంగడి ముసుగేసుకుని నర్సింగమ్మ గంప వెనక కూలబడ్డాడు. పట్నంలో చదువుకొని వచ్చిన పిల్లవాడు అమరేందర్. ప్రతిదానికీ ఏదో కారణం ఉంటుందనుకునే వయసు. రెండు చేపలనూ తిప్పి తిప్పి చూశాడు, గాట్లను అగ్గిపుల్లతో కొలిచాడు.

"ఇవి మామూలు గాట్లు కావు. డ్యామ్ కడితే చేపలెటు పోతయో తెల్సుకునేతందుకు సర్కారు తోకలకు గుర్తు పెట్టి ఇడుస్తది. నేను కితాబుల చదివిన. గివి సర్కారు చేపలు! ఎవ్వరు వండొద్దు. అన్నీ ఆఫీసుకు తేవాలె."

"సర్కారేంది సారూ, గీ..." అంటూ నర్సింగమ్మ వెనక్కి తిరిగింది. గొంగడి లోంచి రెండు చేతులు దండం పెడుతూ కనబడ్డాయి. ఆమెకు జాలి వేసింది. దానికంటే ముందు, చేప బీరప్పది అయ్యేకన్నా సర్కారుది కావడమే నయమని తోచింది. "అవ్ సారూ, సర్కారుదే అయ్యుంటది. మొకం చూస్తెనే ఎర్కయితాంది," అన్నది.

అమరేందర్ ఆఫీసుకు పోయి పెద్ద ఇంజనీరుకు టెలిఫోన్ చేశాడు. పెద్ద ఇంజనీరు, "శభాష్! ఎవరు పెడుతున్నారయ్యా ఈ గుర్తులు?" అని అడిగితే, ఆ శభాష్ చెవిలో మోగుతుండగా, "మా సెక్షనే సార్," అనేశాడు. వచ్చే వారం స్వయంగా వచ్చి చూస్తానని ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఇక డప్పు కొట్టే పోచయ్యను చాటింపుకు పంపారు. మొదటి వరస ఇండ్ల ముందు పోచయ్య, "రెండు గాట్లున్న చేపలు వండొద్దహో! ఆఫీసుకు తేవాలెహో!" అని పద్ధతిగానే చాటాడు. రెండో వరసకు వచ్చేసరికి మృగశిర జల్లు మొదలైంది. డప్పు తడిస్తే పాడైపోతుందని భయపడి, మాటలు తగ్గించి, "చేపలు వండొద్దహో!" అని పరుగు తీశాడు. ఎందుకు వండొద్దో చెప్పకపోయేసరికి మూడో వరసవాళ్ళు కారణం తామే కనిపెట్టుకున్నారు. డ్యామ్ కోసం నదిలో మందు కలిపారట. ఆ మాట నాలుగో వరసకు చేరేసరికి అప్పటికే ఇద్దరు చచ్చారట.

ఇంకేముంది! ఉడుకుతున్న కుండలు దిగిపోయాయి. తిన్నవాళ్ళు దవాఖానకు ఉరికారు. అక్కడ కంపౌండరు అందరికీ వామునీళ్ళు పోసి పంపాడు, ఆయనా ఒక గ్లాసెడు తాగాడు. పగటేళకు ఆఫీసు వరండాలో గంపలకొద్దీ చేపలు చేరాయి. అమరేందర్ ఒక్కొక్క తోకా చూశాడు. గాట్లున్నవి అంగట్లో చూసిన ఆ రెండే. మృగశిర కార్తె నాడు క్యాంపు మొత్తం పప్పుచారుకు కూర్చోబోతున్నది, తిట్లన్నీ ఓవర్సీరుకే.

ఇదేమీ తెలియని బీరప్ప, నర్సింగమ్మ గంప చాటు నుంచి జారుకుని, ఎవరి కంటా పడకుండా బండల చుట్టూ తిరిగి ఇల్లు చేరాడు. గడపలోనే చేపల పులుసు వాసన గుప్పుమన్నది.

"ఏడికెల్లి వచ్చిందే?"

"ఏడికెల్లో ఏంది, పొద్దుగాలనే పోయి నర్సింగమ్మ దగ్గర తెచ్చిన. నువ్వే పట్టినవని మా అన్నకు చెప్త. నోర్మూసుకొని తిను."

"మరి కట్టె కాలబెడ్తనంటివి?"

"కాలబెడ్తె ఆదివారం ఆదివారం ఇంట్ల కూసొని నా పానం తింటవ్. గంత పిస్సదాన్నా నేను?" అని సుక్కమ్మ గరిటె తిప్పుతూ, కొంచెం మెల్లగా, "నది కాడికెల్లి వచ్చినప్పుడే నీ మొకంల జర కళ ఉంటది," అన్నది. బీరప్పకు కండ్లలో నీళ్ళు తిరిగాయి. కట్టెను తుడిచి మూలకు పెట్టాడు.

అంతలో సుక్కమ్మ అన్న గుర్వయ్య, వదిన జానమ్మ బస్సు దిగి తడుస్తూ వచ్చారు. కాళ్ళు కడుక్కుని కూర్చున్నారో లేదో, వాకిట్లో డప్పు, డప్పు వెనక గొడుగు, గొడుగు కింద అమరేందర్. క్యాంపు మొత్తం మీద ఆ ఒక్క ఇంట్లోంచే చేపల వాసన వస్తోంది మరి. మసాలా నూరే చప్పుడులో సుక్కమ్మ చాటింపు వినలేదు. బీరప్ప ఒక్క గెంతులో మంచమెక్కి గొంగడి కప్పుకున్నాడు.

అమరేందర్ కత్తిపీట పక్కన పడి ఉన్న తోకను ఎత్తాడు. రెండు గాట్లు! "ఎవరు పట్టిండ్రు గీ చేపను?"

అన్న ఎదురుగానే ఉన్నాడాయె. సుక్కమ్మ అనుకున్న మాటే, అనుకున్నదానికంటే గట్టిగా చెప్పింది. "మా ఆయనే పట్టిండు సారూ! గాలం తోని! ఇయ్యాల పొద్దుగాలనే!"

గొంగడి కింద ఒక మూలుగు వినిపించింది. గుర్వయ్య లేచి తోక అందుకుని వెలుతురులో చూశాడు, చూసి మురిసిపోయాడు. "బావా! గిదేంది, మీ ఇంటి గాటు చేపకు పెట్టినవు? సారూ, దేవరకొండ చుట్టు ఏ కాపరిని అడిగినా చెప్తడు, గిది బీరప్పోళ్ళ గాటు!"

ఓవర్సీరు తోకను తిరిగి తీసుకుని మంచం వైపు తిరిగాడు.

"బీరప్పా, లే," అన్నాడు అమరేందర్.

"జరం సారూ."

"ఎన్ని చేపలకు పెట్టినవ్?"

"పదిహేడు సారూ."

అమరేందర్ మంచం అంచున కూలబడ్డాడు. బీరప్పను శిక్షిస్తే గాట్ల సంగతి బయటికొస్తుంది. గాట్ల సంగతి బయటికొస్తే పెద్ద ఇంజనీరుకు ఆయన శభాష్ తిరిగిచ్చేయాలి, దాంతో పాటు నౌకరీ కూడా. పులుసు కుతకుతలాడుతోంది. పొద్దుటి నుంచి ఆయన కడుపులో ఏమీ పడలేదు. రెండు నిమిషాలు ఆలోచించి లేచాడు.

"ఇగ నీకు గొలుసు పని లేదు. గాలం పని. చేపను పట్టాలె, గాటు పెట్టాలె, కాయితం మీద రాయించాలె, ఇడిచిపెట్టాలె. ఇది సెక్షన్ పని. పెద్ద సారు అడిగితే ఏడాది సంది నా హుకుం మీదనే చేస్తున్నవ్. సమజైందా?"

బీరప్ప గొంగడి ఎగిరి గోడకు తగిలింది. "జరం తగ్గింది సారూ!"

"పోచయ్యా, పో, పోయి ఎవరి చేపలు వాళ్ళను తీస్కపొమ్మని చాటు. ఈసారి పూరా చాటు," అని చెప్పి, అమరేందర్ చెప్పులు విప్పి గుర్వయ్య పక్కన పీట మీద కూర్చున్నాడు. సుక్కమ్మ బొచ్చె తలకాయ ఆయన పళ్ళెంలో వేసింది. ఇంటి వెనక వరస నుంచి మళ్ళీ పొయ్యిల పొగ లేచింది. ఆ రోజు నందికొండ క్యాంపు మూడు గంటలకు మృగశిర భోజనం చేసింది, వానలో తడుస్తూ ఇల్లిల్లూ తిరిగి ఒకరి పులుసు ఒకరు రుచి చూసుకున్నారు. నర్సింగమ్మ తన రెండు సేర్ల బొచ్చెను అమ్మకుండా ఇంటికే తీసుకుపోయి వండుకుంది.

మరునాడే బీరప్ప గాలపు కట్టెకు తెల్ల రంగుతో నంబరు వేశారు. సర్కారు సామాను అయింది కాబట్టి ఇక దాన్ని పొయ్యిలో పెట్టే అధికారం సుక్కమ్మకు లేదు. పొద్దున సంతకం పెట్టి స్టోరులోంచి తీసుకోవాలి, సాయంత్రం సంతకం పెట్టి అప్పగించాలి. వారమంతా బీరప్ప రాజాలాగా నదికి పోయి వచ్చాడు. ఆదివారం కూడా చీకటితోనే లేచి, పిండి ముద్ద కలుపుకుని, పాట పాడుకుంటూ పోయి, గడియ గడవకముందే ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. స్టోరుకు ఆదివారం సెలవు. వంటింట్లోకి వచ్చి సుక్కమ్మ పక్కన కూర్చుని, పప్పులో ఉప్పు ఎంత వేశావని అడిగాడు, పొయ్యిలో కట్టెలు సర్దాడు, మూత తీసి మళ్ళీ పెట్టాడు.

ఎనిమిది కొట్టకముందే సుక్కమ్మ వెదురుకట్టె కొనడానికి అంగడికి బయలుదేరింది.