మాస్టరుగారి నీలం కోటు

ఆ ఉదయం టైలరు మాస్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం వర్తక సంఘం విందుకు వెళ్ళాలి, ఆసుపత్రి సూపరింటెండెంటమ్మ కంట్లో పడాలి, సిబ్బంది యూనిఫాంలు కుట్టే పని తనకిమ్మని అడగాలి. రెడీమేడ్ బట్టలొచ్చాక కొట్టుకి వచ్చేవన్నీ ప్యాంట్లు పొట్టి చేయించుకునే బేరాలే. ఈ పని దొరక్కపోతే కొట్టుకి తాళం వేసి, బావమరిది గోడౌనులో మూటలు లెక్కపెట్టుకోవాలి. బావమరిది ఆ సంగతి రోజూ గుర్తుచేస్తూనే ఉన్నాడు.

"ఆ చొక్కాతోనా వెళ్ళేది?" అంది భార్య. "ఊరందరికీ కోట్లు కుడతారు. మీ వీపు మీద చూస్తే దారాలు తప్ప గుడ్డ లేదు. మిమ్మల్ని చూసి పని ఎవరిస్తారండీ?"

"కోటు గుడ్డ ఎవడు కొనిపెడతాడే? మీ తమ్ముడా?"

అన్నాడే గానీ భార్య మాట మనసులో గుచ్చుకుంది. కటింగు బల్ల కిందున్న ట్రంకుపెట్టె తెరిచాడు. ఏళ్ళ తరబడి కస్టమర్ల కోట్లలో మిగిలిన గుడ్డలవి. 'మిగిలిన' అనేది ఆయన మాట. ఊళ్ళో పెద్దమనుషులంతా నీలం కోటే కావాలంటారు కాబట్టి అన్నీ నీలమే. కొట్లోని గుడ్డి ట్యూబులైటు కింద పరిస్తే ఒకే తానులోంచి చించినట్టున్నాయి. సాయంత్రానికి గుండీలతో సహా కోటు తయారైంది.

హాల్లో దీపాలు అంత గుడ్డివి కావు. లోపల అడుగుపెట్టి తన చేతులు చూసుకోగానే మాస్టరు రెండూ వెనక్కి దాచుకున్నాడు. కుడిచెయ్యి సిరా నీలం, ఎడమచెయ్యి నెమలి నీలం. వీపు సంగతి చూసుకునే వీల్లేదు.

"మాస్టారూ, కోటు బ్రహ్మాండంగా ఉందే!" అంటూ మందుల షాపాయన చెయ్యి కలిపాడు. రెండు చేతులూ పక్కపక్కన ఆగాయి. ఒకే నీలం, ఒకే సన్న చార.

"మీ కోటు చూసి ముచ్చటపడి అదే గుడ్డ కొన్నానండీ," అన్నాడు మాస్టరు.

"ఎక్కడ కొన్నారు? అది మా అన్నయ్య విదేశం నుంచి తెచ్చింది కదా!"

మాస్టరు గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆ మోచెయ్యి వెళ్ళి బ్యాంకు మేనేజరు పొట్టలో పొడిచింది. ఆయన తిరిగి చూసేసరికి ఎదురుగా మాస్టరు వీపు.

"ఇది నా గుడ్డ కదయ్యా! చాల్లేదని చెప్పి నాకు లోపలి జేబు ఎగ్గొట్టావు!"

మాస్టరు వీపుని గోడకి అంటించి నిలబడ్డాడు. దాంతో ముందువైపు హెడ్మాస్టరుగారికి తీరిగ్గా కనిపించింది. "కాలరు నాదే! తక్కువైందని నాచేత మళ్ళీ కొనిపించావు!"

"ఏమిటీ గొడవ?" అంటూ సూపరింటెండెంటమ్మ రానే వచ్చింది. ఎవరి కంట్లో పడాలని వచ్చాడో ఆవిడే, పడకూడని సమయంలో. మాస్టరుకి భయం పోయి ఒళ్ళు మండింది. కోటు విప్పి బల్ల మీద పడేశాడు.

"తీసుకోండి! చెయ్యి మీది, వీపు మీది, కాలరు మీది! కుట్టుకూలితో కోటు గుడ్డ కొనుక్కున్న టైలరుని ఒక్కణ్ణి చూపించండి! నేను ఒక కోటు తొడుక్కోవాలంటే మీరంతా కుట్టించుకోవాలి, తెలుసా?"

అందరూ ఆయన చినిగిన చొక్కావైపే చూస్తున్నారు. మాస్టరుకి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

సూపరింటెండెంటమ్మ కోటు తిరగేసి కుట్లన్నీ చూసింది. తర్వాత ఆ ముగ్గురివైపు తిరిగింది. "గుండీలు పెట్టుకుని చేతులు పైకెత్తండి."

ముగ్గురు పెద్దమనుషులూ దొరికిపోయిన దొంగల్లా చేతులెత్తారు. ఎవరి కోటూ ఎక్కడా పట్టెయ్యలేదు.

"మా టైలరుకి కావలసినదానికి రెట్టింపు గుడ్డ ఇస్తున్నా, నర్సు చెయ్యెత్తి సెలైను సీసా తగిలిస్తే చంకలో చిరుగుతోంది," అందావిడ. "మీరు ఇంత నొక్కేసి కూడా సరిగ్గా కుట్టారు. రేపు కొలతలకి రండి. కటింగు మాత్రం నా గదిలో, నా ఎదురుగా!"

కోటు ముగ్గురి మధ్యా వదిలేసి, మాస్టరు చినిగిన చొక్కాతోనే ఇల్లు చేరాడు.

"పని దొరికిందా!" అంది భార్య. "మంచి బట్టలేసుకెళ్ళమని నేను చెప్పలేదూ?"

మర్నాడు మాస్టరు ఆసుపత్రిలో పని మొదలుపెట్టాడు. ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళంతా యూనిఫాంలోనే ఉండాలన్న నియమం ప్రకారం మొదటి జత తనకే కుట్టుకున్నాడు. సూపరింటెండెంటమ్మ ఆజ్ఞ ప్రకారం దానికి ఒక్క జేబూ పెట్టలేదు.