నాలుగు వీధులు, నాలుగు ప్రభుత్వాలు

ఆ రోజు పొద్దున్న చరిత్ర మేడమ్ పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రం లైబ్రరీ హాల్లో ఇవ్వబోయే ప్రసంగాన్ని ఒకసారి గట్టిగా చదువుకోవాలి. మహమ్మారి రోజుల్లో ఏ దేశం ఎలాంటి ఆంక్షలు పెట్టింది, ఏది నెగ్గింది, ఏది బెడిసికొట్టింది అన్నది విషయం. కాలేజీలో చరిత్ర చెబుతుంది కాబట్టి చుట్టుపక్కల అందరికీ ఆమె చరిత్ర మేడమే. ఎన్నో నెలలు తంటాలుపడి రాసిన ప్రసంగం. అయితే లైబ్రేరియన్ ముందే తేల్చి చెప్పేశాడు.

"మేడమ్, పోయినసారి మీ ఆయనా, మా వాచ్‌మనూ తప్ప నరమానవుడు లేడు. ఈసారీ అంతే అయితే ఇక ప్రసంగాలు ఆపేసి, హాల్లో విరిగిన బల్లలు పెట్టుకుంటాం. ఏమీ అనుకోకండి."

మొదటి పేజీ అయ్యేసరికే ఆమె భర్త రెండుసార్లు ఆవలించాడు. "ఏమోయ్, ఇది ఆడిట్ రిపోర్టులా ఉంది. 'ఫలానా దేశంలో ఫలానా నిబంధన ఉండేది' అంటే ఎవరు వింటారు? ఆ ప్రభుత్వమే ప్రకటిస్తున్నట్టు చదువు. నిద్రపోయేవాడు కూడా లేచి కూర్చుంటాడు."

సలహా బాగానే ఉందనిపించింది. సరిగ్గా అప్పుడే మరిది వచ్చాడు. సభలకు మైకులు అద్దెకిస్తాడు.

"వదినా, కొత్త లౌడ్‌స్పీకర్లు నాలుగు కొన్నాను. మీ డాబా మీద పెట్టి పరీక్షించుకుంటా. నువ్వెలాగూ చదువుతున్నావుగా, ఈ మైకులో చదివెయ్. సౌండు చిన్నగానే పెడతాలే."

వాళ్ళ ఇల్లు సరిగ్గా నాలుగు వీధులు కలిసేచోట ఉంది. మరిది ఒక్కో స్పీకరును ఒక్కో వీధి వైపు తిప్పి, ఒకదాని తర్వాత ఒకటి పరీక్షించాడు. ఒకదాని వైరు పీకి ఇంకోదానికి తగిలించేలోపు వదిన తర్వాతి దేశం పేరు చదివేసేది. వైరు తగిలేసరికి "ఇందుమూలంగా ప్రజలందరికీ తెలియజేయడమేమనగా" దగ్గరికి వచ్చేది. అలా దేశాల పేర్లన్నీ ఇంట్లోనే ఉండిపోయి, ఆజ్ఞలు మాత్రం వీధుల్లోకి వెళ్ళిపోయాయి. పైగా మరిది లెక్కలో చిన్న సౌండంటే కిటికీ అద్దాలు పగలకపోవడమే. తన గొంతు అంత గంభీరంగా ఉంటుందని అంతవరకూ తెలియని మేడమ్, ముచ్చటపడి మరికాస్త గట్టిగా చదివింది.

మధ్యాహ్నం భార్యాభర్తలు లైబ్రరీకి బయల్దేరి తూర్పు వీధిలో అడుగు పెట్టారో లేదో, టైలరు భార్య చేతులు అడ్డంగా చాపింది.

"అన్నయ్యగారూ, లోపలికి పదండి! ఇవాళ ఆడవాళ్ళ రోజు. మగవాళ్ళకి రేపే."

వీధిలో ఒక్క మగవాడు లేడు. కిటికీల్లోంచి మాత్రం మీసాలు దిగాలుగా చూస్తున్నాయి.

"ఎవరు చెప్పారు?" అంది మేడమ్.

"మైకులో చెప్పారు కదమ్మా! ఎవరో పెద్దాఫీసరు, ఆడమనిషే. గొంతు వింటేనే వణుకు పుట్టింది. మళ్ళీ ఆ జబ్బేదో వచ్చినట్టుంది."

మేడమ్ చేతిలోని కాగితాలు ఎత్తి చూపించింది. "అదేం ఆర్డరు కాదు, నా ప్రసంగం!" అంది.

"ఊరుకోండి మేడమ్, మీ గొంతు మాకు తెలీదా?"

చేసేది లేక భర్తను ఇంటికి పంపేసి, మిగతా వీధులేం విన్నాయో చూద్దామని ఆమె దక్షిణ వీధిలోకి పరిగెత్తింది. అక్కడ బేకరీ ముందు పెద్ద వరస ఉంది. వరసలో ఎవరి చూపూ రొట్టెల మీద లేదు. కుక్కను నడిపించడానికైతేనే బయట తిరగొచ్చన్నది ఆ వీధికి అందిన ఆజ్ఞ. వీధి మొత్తానికి ఉన్నది బేకరీ ఆయన కుక్క ఒక్కటే. ఒకాయన దాన్ని మందుల షాపుకు తీసుకెళ్ళి తెచ్చాడు. అది ఆయాసం తీర్చుకునేలోపు ఇంకొకావిడ కూరగాయలకు తీసుకెళ్ళింది. పాపం, దానికి తలప్రాణం తోకకొచ్చింది. మేడమ్ కనబడగానే బేకరీ ఆయన, "మీరు వరసలో వెనక్కి వెళ్ళండి మేడమ్. తెలిసినవాళ్ళని మధ్యలో దూరిస్తే బాగోదు," అన్నాడు.

పోలీస్‌స్టేషన్ పడమటి వీధిలోనే ఉంది. ఇక పోలీసులకే చెప్పేద్దామని వెళితే, అక్కడ గొడవ ఇంకా ముదిరి ఉంది. బయటికి వెళ్ళేవాళ్ళు ఎందుకు వెళ్తున్నారో తామే ఒక చీటీ రాసి, సంతకం పెట్టి దగ్గర ఉంచుకోవాలని ఆ వీధి విన్నది. రాసుకున్నారు. కానీ స్టాంపు లేని కాగితం మీద ఎవరికీ నమ్మకం కుదరక, అందరూ స్టేషను మీద పడ్డారు. ఇన్‌స్పెక్టరుకు ఏ ఆర్డరూ రాలేదు. పై అధికారికి ఫోను చేస్తే ఆయనకీ రాలేదు.

"నాకే రానిది వీధిలోవాళ్ళకెలా వచ్చిందయ్యా?" అని అరిచాడాయన. మళ్ళీ తన పై అధికారి గుర్తొచ్చాడేమో, గొంతు తగ్గించి, "సరే, ఎందుకైనా మంచిది, అమలు చెయ్," అని ఫోను పెట్టేశాడు.

ఇన్‌స్పెక్టరు స్టాంపు కొట్టీ కొట్టీ చెయ్యి విదిలించుకుంటుంటే, మేడమ్ ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"అది చదివింది నేనేనండీ."

మొత్తం విన్నాక అతను కుర్చీలోంచి లేచాడు. "పదండి. ఈ మాట జనం ముందు మీరే చెప్పాలి. ఆ తర్వాత కేసు సంగతి చూద్దాం."

అతను నాలుగు వీధులవాళ్ళనూ లైబ్రరీ హాలుకు రమ్మని, మరిది మైకులోనే చాటింపు వేయించాడు. అది నిజం చాటింపు కాబట్టి మొదట ఎవరూ నమ్మలేదు. జీపు తిరిగాక కదిలారు. ఉత్తరపు వీధివాళ్ళు మాత్రం అప్పటికే హాలు మెట్ల మీద గుమిగూడి వాదించుకుంటున్నారు. ఎవరి విచక్షణ ప్రకారం వారు నడుచుకోవాలన్నది వాళ్ళకు అందిన ఆజ్ఞ. పొద్దున్నించీ ఎవరి విచక్షణ సరైనదో తేలలేదు.

హాలు కిక్కిరిసింది. లైబ్రేరియన్ విరిగిన బల్లలు కూడా తెప్పించి గోడకు ఆనించి వేయించాడు. మేడమ్ మైకు ముందుకు వచ్చి, చేతులు జోడించి, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. అంతే, పైకప్పు ఎగిరిపోయేంత గోల.

"ఒక రోజంతా నన్ను ఇంట్లో కూర్చోబెట్టారు!" అని టైలరు లేచాడు.

"కూర్చుంటే ఎలా ఉంది?" అంది మేడమ్. నిలదీయడానికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

టైలరు తడబడ్డాడు. "ఎలా ఉంటుందండీ? మా ఆవిడ నవ్వు వీధి చివరినుంచి వినబడుతోంది. ఇంట్లో ఎప్పుడూ అంత నవ్వలేదే అనిపించింది."

ఆమె చేతిలోని కాగితాలు బల్లమీద పెట్టేసింది. ఇన్నాళ్ళూ పుస్తకాల్లో వెతికింది ఇప్పుడు కుర్చీల్లో కూర్చుని ఉంది. ఒక్కో వీధినీ లేపి అడిగింది. పడమటి వీధి ముసలాయన, "నాకు నేనే అనుమతి రాసుకుంటుంటే అబద్ధం రాయబుద్ధి కాలేదమ్మా. 'ఊరికే తోచక' అని రాశా," అన్నాడు. దక్షిణ వీధివాళ్ళు, కుక్క వంతుల కోసం నిలబడ్డప్పుడే పక్కింటివాళ్ళతో మొదటిసారి మాట్లాడామన్నారు. ఉత్తరపు వీధి ఒకావిడ అంది: "మేం అరుచుకున్నాం నిజమే. కానీ ఎవరూ చెప్పకుండానే, నడవలేని పెద్దాయనకి ముగ్గురు మందులు తెచ్చారు. ముగ్గురూ ఒకే మందు తెచ్చారనుకోండి."

ఆ మాటలన్నీ అల్లుకుంటూ మేడమ్ ఒక్కో దేశం కథా చెప్పింది. ఎక్కడ ప్రజలు ప్రభుత్వాన్ని నమ్మారు, ఎక్కడ ప్రభుత్వం ప్రజల్ని నమ్మింది, ఎక్కడ ఎవరినెవరూ నమ్మక బాధపడ్డారు. ఒక్కరూ ఆవలించలేదు. చివర్లో చప్పట్లు మొదలుపెట్టింది ఇన్‌స్పెక్టరే. స్టాంపులు కొట్టిన చెయ్యి నొప్పిగా ఉన్నా కొట్టాడు. కేసు మాట మళ్ళీ ఎత్తలేదు. లైబ్రేరియన్ మైకు లాక్కుని, ఇకనుంచి ప్రతి నెలా మేడమ్ ప్రసంగమే అని ప్రకటించాడు. గుమ్మం దగ్గర ఆమె భర్త, నడిచి రావడానికి కుక్క దొరకక ఆలస్యమైందని ఎదురైనవాళ్ళకల్లా చెబుతూ, కళ్ళు తుడుచుకుంటున్నాడు.

మేడమ్ తలెత్తుకుని మెట్లు దిగుతుంటే ఇన్‌స్పెక్టరు వెనకే వచ్చాడు. "వచ్చే నెల ఏ విషయమో ముందే చెప్పండి మేడమ్. బందోబస్తు చూసుకోవాలి."

"నీటి కరువు చరిత్ర," అంది మేడమ్.

చీకటి పడేలోపు నాలుగు వీధుల్లోనూ ఖాళీ బకెట్ అన్నది మిగల్లేదు.