ఆర్లీన్ ఆంటీ ప్రార్థనాంశం

ఆ శనివారం పొద్దున కూడా రోజూలాగే దాల్చినచెక్క బన్నులు చేసి, పిల్లలందరికీ కడుపునిండా పెట్టి, ఎండ వస్తే దుప్పట్లు ఉతికించాలని ఆర్లీన్ అనుకుంది. ఆమె చూసుకునే హాస్టలు ఇంట్లో ఉండే పదకొండు మంది ఆడపిల్లలూ మిషనరీల బిడ్డలే. తల్లిదండ్రులు ఎక్కడెక్కడి ఎడారుల్లోనో సువార్త పని చేస్తుంటే, వీళ్లు ఈ కెన్యా కొండమీద బడిలో చదువుకుంటున్నారు. జ్వరం వస్తే నుదురు పట్టి చూసేది ఆర్లీనే. జ్వరం రాకపోయినా చూస్తుంది, వస్తుందేమోనని.

బన్నులు దించగానే, పన్నెండేళ్ల ఫీబీ తన వంతు ముట్టకుండా రుమాల్లో చుట్టుకుని, వెనక తలుపు తీసి, పొగమంచులో పక్కింటికి నడిచింది. పక్కింట్లో ఉండేది నార్వే నుంచి వచ్చిన బెరిట్. ఆమె దగ్గరా ఓ ఇంటెడు పిల్లలున్నారు. ఒక్కరూ స్వెట్టరు వేసుకోరు, ఒక్కరికీ జలుబు చెయ్యదు. ఆర్లీన్‌కు అదే కడుపుమంట.

"వారం నుంచీ ఇదే వరస. నా చేతి బన్ను తీసుకెళ్లి ఆవిడ పక్కన కూర్చుని తింటోంది," అంది భర్తతో.

"ఎందుకు వెళ్తున్నావే అని పిల్లనే అడగరాదూ," అన్నాడు గ్లెన్.

"అడిగితే? ఆవిడంటేనే ఇష్టం ఆంటీ అంటే? అప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

గ్లెన్ ఇంకో బన్ను తీసుకున్నాడు. ఇల్లు మారాలనుకునే పిల్లలు టర్ము ముగిసేలోగా అడగవచ్చని బడిలో ఒక పద్ధతి ఉంది. టర్ము ముగియడానికి ఇంకో వారమే ఉంది. నాలుగేళ్లుగా జడలు వేసి పెంచిన పిల్ల ఫీబీ. ఆర్లీన్ ఊహలో ఫీబీ పెట్టె అప్పుడే పక్కింటికి చేరిపోయింది. దాని వెనకే మిగతా పెట్టెలన్నీ బయల్దేరాయి.

ఆడవాళ్ల ప్రార్థన కూడికకు ఆ రోజు బెరిట్ రాలేదు. అదీ అనుమానంగానే తోచింది ఆర్లీన్‌కు. తన వంతు రాగానే, "ఒక పిల్ల కోసం ప్రార్థించండి. పేరు చెప్పను. దాని మనసు పరాయివాళ్ల మీదికి పోతోంది," అని కళ్లు తుడుచుకుంది. పేరు చెప్పకపోవడం ఆ కూడికలో మర్యాద. చెప్పని మిగతాదంతా ఊహించుకోవడం కూడా మర్యాదలో భాగమే. బడి పాస్టరు భార్య డోరిస్ ఆ విన్నపాన్ని చైన్ ప్రార్థనలో పెట్టింది. అంటే ఒకరికి ఫోను చేస్తే వాళ్లు ఇంకొకరికి చెయ్యాలి.

మధ్యాహ్నానికి పాస్టరు బైబిలు పట్టుకుని వచ్చి, విశ్వాసంలో తొట్రిల్లుతున్న అమ్మాయి ఎవరని ఇల్లంతా కలియజూశాడు. ఎవరూ పలకకపోతే, కిటికీ దగ్గర దిగులుగా కూర్చున్న పిల్లను పక్కకు పిలిచాడు. ఆ పిల్ల బావురుమని జాము సీసా తానే ఖాళీ చేశానని ఒప్పుకుంది. ఆయన అటు వెళ్లగానే నర్సు వంబూయి తూకం యంత్రం మోసుకొచ్చింది.

"ఇక్కడెవరో తిండి మానేశారటగా, ఆర్లీన్ గారూ?"

పిల్లలందరినీ తూచింది. అందరూ బరువు పెరిగే ఉన్నారు. తన ఇంట్లో కాకపోతే ఇంకెవరి ఇంట్లోనో అయి ఉంటుందని ఆర్లీన్ అనుకుంది.

సాయంత్రం చైన్ ప్రార్థన తిరిగి తిరిగి ఆమెకే వచ్చింది. ఒక పిల్ల తిండి మానేసి, కన్నతల్లిని మరిచి, వేరే ఆవిడను అమ్మా అని పిలుస్తోందట. ఆర్లీన్‌కు అది తన విన్నపమేనన్న ఆలోచన దరిదాపులకు కూడా రాలేదు. పాపం ఏ తల్లి కన్న బిడ్డో అనుకుంటూ తన తర్వాత చెయ్యవలసిన నంబరుకు ఫోను చేసింది. అది ఉత్తరాన తుర్కానా ఎడారిలో ఉండే నాడీన్‌ది. నాడీన్ ఫీబీ తల్లి.

"ఎవరింట్లో పిల్లట?" అంది నాడీన్.

"తెలీదమ్మా. మా ఇళ్ల వరసలోనే అంటున్నారు."

"వస్తున్నాను," అని నాడీన్ ఫోను పెట్టేసింది.

ఆదివారం గుడి వదిలేసరికి మిషను విమానం నాడీన్‌ను తీసుకుని ఆటస్థలంలో దిగింది. ఆ చప్పుడుకు బెరిట్ ఇంటి వెనక పాకలోంచి ఫీబీ పరుగెత్తుకొచ్చింది. స్వెట్టరు లోపల ఏదో కదులుతోంది.

"అమ్మా, బెరిట్ ఆంటీ వాళ్ల కుక్క పిల్లల్ని పెట్టింది! రోజూ నా బన్ను దీని తల్లికే పెడుతున్నా," అని కుక్కపిల్లను బయటికి తీసి, ఆర్లీన్‌ను చూసి నాలిక కరుచుకుంది. "మీకు చెబితే పిచ్చికుక్క అంటారని చెప్పలేదు ఆంటీ."

వారం రోజులు కుళ్లుకున్నది ఓ బాలింత కుక్క మీదనా అనుకుంది ఆర్లీన్. ఈలోగా ఫీబీ అలవాటు కొద్దీ వచ్చి ఆమెకు వీపు తిప్పి నిలబడింది, ఊడిన జడ వెయ్యమని. ఆర్లీన్ చేతులు వాటంతటవే అల్లసాగాయి.

నాడీన్ ఆ చేతుల్నే చూస్తోంది.

"నా కూతురు అమ్మా అని పిలిచేది నిన్నేనా?" అంది మెల్లగా. "అంత ఇష్టపడేలా దానికేం చేస్తావు?"

ఆ చైన్ ప్రార్థన తన విన్నపమేనని ఇప్పుడు తట్టి, చెప్పేద్దామని ఆర్లీన్ నోరు తెరిచింది. నాడీన్ కళ్లలో ఉన్నదేమిటో ఆమెకు బాగా తెలుసు. వారం నుంచీ అద్దంలో చూస్తున్నదే. తనను చూసి ఒకరు కుళ్లుకోవడం ఇదే మొదటిసారి.

"నేనేం చేస్తానమ్మా. బన్నులు చేస్తాను, అంతే."

మరుసటి శనివారం కూడికలో ఆమె వానల కోసం మాత్రమే ప్రార్థించమంది.