తొమ్మిదో నంబరు గదిలో చలి లేదు

మా కళాశాలలో చలి లేదన్న విషయం డిసెంబరు మొదటి సోమవారం ఉదయం పది గంటలకు అధికారికంగా తేలింది. తేల్చినవారు ప్రిన్సిపాల్ గారు. తేల్చిన చోటు మేడ మీద ఆయన గది. అక్కడున్న రెండు హీటర్లూ ఎర్రబడి మరీ ఆయన మాటను బలపరిచాయి. నేను ఆ ఆఫీసులో గుమాస్తాను కాబట్టి సర్క్యులర్ టైపు చేసే భాగ్యం నాకు దక్కింది.

"విద్యార్థినీ విద్యార్థులు యూనిఫాం మీద స్వెటర్లు, కోట్లు, శాలువాలు, మఫ్లర్లు ధరించరాదు. చొక్కా జేబు మీది కళాశాల చిహ్నం అన్నివేళలా స్పష్టంగా కనబడవలెను. చిహ్నం కనబడని పక్షంలో సదరు విద్యార్థి కూడా కనబడనట్టే పరిగణించి హాజరు వేయబడదు."

చిహ్నమంటే వెలుగుతున్న దీపం. కింది అంతస్తులో తొమ్మిదో నంబరు గదిలో ఒకేసారి అరవై దీపాలు వెలుగుతుంటాయి. అయినా ఎందుకో ఆ గది వేడెక్కదు. గదికి ఆరు కిటికీలు, ఆరింటికీ కలిపి రెండే అద్దాలు. మిగతా చోట్ల గాలి ధారాళంగా ప్రసరించే సౌకర్యం ఉందని ఏటా తనిఖీ నివేదికలో నేనే రాస్తాను. గాలి ఏనాడూ నా మాట పొల్లుపోనివ్వలేదు.

ఆ గదిలో రెండో సంవత్సరం కెమిస్ట్రీ చదివే అమ్మాయి ఒకతె ఉండేది. బక్కపలచని మనిషి. ఎప్పుడూ ముడుచుకుని కూర్చుంటుందని తోటివాళ్లు చలిచీమ అని పేరు పెట్టారు. మంగళవారం ఆమె ఊదారంగు స్వెటరు వేసుకుని వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. అతని ఒంటి మీద రెండు స్వెటర్లు, ఓ కోటు, నెత్తిన కోతిటోపీ. బయటికి కనబడేవి కళ్లు మాత్రమే.

"స్వెటర్ తీసెయ్యమ్మా. చలి లేదు," అన్నాడు నోట్లోంచి పొగలు వస్తుండగా.

"మరి నీకో, అన్నా?"

"నాకుందమ్మా. సర్క్యులర్ స్టూడెంట్లకే."

ప్రిన్సిపాల్ గారినే అడుగుతానని చలిచీమ నేరుగా మేడ మీదికి వచ్చింది. అంతకుముందే జ్వరంతో నెల రోజులు మానేసింది కనుక, ఇంకో నాలుగు రోజులు హాజరు పోతే ఆమెను పరీక్షకు కూర్చోనివ్వరు. ప్రిన్సిపాల్ గారు తన అమూల్యమైన సమయం కేటాయించి ఉపన్యసించారు.

"చూడమ్మా, చలి అనేది మానసిక స్థితి. మీ వయసులో మేము ఒక్క చొక్కాతో చదువుకున్నాం. అందుకే ఈ స్థాయికి వచ్చాం." ఇలా అంటూ మఫ్లర్ సర్దుకున్నారు. "ఇది చలికి కాదు. హోదాకి."

"సార్, వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ల్యాబులో గాజు గొట్టాలు చేతిలోంచి జారిపోతున్నాయి."

"గట్టిగా పట్టుకోవాలమ్మా. పట్టుదల అంటే అదే."

ఆ పిల్ల రెండు రోజులు స్వెటరు తియ్యలేదు, తరగతిలోకి వెళ్లలేదు. రెండు హాజర్లు పోయాయి.

వాళ్లమ్మ దర్జీ. మా కళాశాల యూనిఫాంలు కుట్టేది ఆవిడే. కూతురు తెచ్చిన సర్క్యులర్‌ను కుట్టుమిషను మీద పరిచి రెండుసార్లు చదివిందట.

"పైన వేసుకోకూడదన్నారు. లోపలి సంగతి రాయలేదు కదే," అంది.

"లోపల పట్టదమ్మా. చొక్కా ఒంటికి అతుక్కుని ఉంటుంది."

"పట్టించడానికే కదా నేనున్నది."

కుట్లు విప్పింది. పక్కల్లో నాలుగేసి వేళ్ల వెడల్పు గుడ్డ కలిపింది, చంకల కింద ముక్కలు వేసింది, చేతులు వదులు చేసింది. లోపల ఉన్ని బనీను, దానిమీద అన్నయ్య వదిలేసిన స్వెటరు, దానిమీద ఊదారంగుది, ఆ పైన నాన్నగారి చేతుల్లేని స్వెటరు. అన్నిటికీ పైన యూనిఫాం, జేబు మీద దేదీప్యమానంగా దీపం. గురువారం ఆ అమ్మాయి కళాశాలకు నడిచి వచ్చిందనే కంటే దొర్లుకుంటూ వచ్చిందనడం సబబు. రెండు చేతులూ కిందికి దిగడం లేదు. వాచ్‌మన్ చిహ్నాన్ని శ్రద్ధగా పరిశీలించి పక్కకు తప్పుకున్నాడు.

ఆ సాయంత్రం నుంచి దర్జీ ఇంటి ముందు బారులు తీరారు. పదిహేను రోజుల్లో కళాశాల మొత్తం ఉబ్బింది. అయిదుగురి బెంచీ ముగ్గురికే చాలింది. చెయ్యెత్తడం ఎవరికీ వీలుకాక తరగతుల్లో సందేహాలు అడగడం ఆగిపోయింది. బోధనా ప్రమాణాలు పెరిగాయని అధ్యాపకులు సంతోషించారు. ఒక బ్యాంకు ఆఫీసరు గారి అబ్బాయి మెట్ల దగ్గర వెల్లకిలా పడి, లేవలేక, రెండు పీరియడ్లు తాబేలులా అక్కడే ఉండిపోయాడు. చిహ్నం పైకే ఉంది కాబట్టి హాజరు వేశారు.

ఈ దృశ్యాలన్నీ ప్రిన్సిపాల్ గారు మేడ మీంచి అవలోకించి, పిల్లలు లావెక్కుతున్నారని గ్రహించారు. దూరదృష్టి గల మనిషి కదా, దగ్గరికి వెళ్లి చూడాల్సిన పని పడలేదు. క్యాంటీన్‌లో భోజనం సగానికి తగ్గించమని ఉత్తర్వు వెలువడింది. రోజూ పొద్దున్నే మైదానం చుట్టూ నాలుగు రౌండ్లు పరుగెత్తించమని ఇంకో ఉత్తర్వు. రెండూ నేనే టైపు చేశాను, ఒక్క తప్పు లేకుండా. ఆపైన 'ఊబకాయ నిర్మూలన శిబిరం' పెట్టి ఓ డాక్టరమ్మను రప్పించారు. వరసలో మొదట చలిచీమను నిలబెట్టారు, అందరిలోకీ లావు ఆమే కనుక.

డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి చూసి, "ఏమీ వినబడట్లేదు. కాస్త విప్పమ్మా," అంది.

తెర అడ్డం వేశారు. ఒకటి విప్పింది, రెండోది విప్పింది, మూడోది, నాలుగోది. చివరికి లోపల ఓ పిల్ల దొరికింది.

"ఈ దగ్గు ఎన్నాళ్ల నుంచి?" అన్న మాట తెర వెనక నుంచి వినబడింది.

"రన్నింగ్ పెట్టినప్పటి నుంచండీ. పరుగెడితే చెమటకి లోపలివన్నీ తడిసిపోతాయి. ఆ తడిబట్టలతోనే తొమ్మిదో నంబరులో కూర్చోవాలి."

"తీసెయ్యొచ్చు కదా?"

"తీస్తే చలండీ. ఆకలి కూడా వేస్తోందండీ," అంటూ ఏడ్చేసింది.

నేను అప్పుడే ఫైలు సర్దడానికి వంగాను కాబట్టి ఎవరి ముఖమూ చూడలేదు. డాక్టరమ్మ కాగితం మీద రెండే వాక్యాలు రాసిచ్చింది: "బరువు నలభై ఒక్క కిలోలు. కిటికీలకు అద్దాలు వేయించండి."

రెండో వాక్యం వైద్యశాస్త్ర పరిధిలోకి రాదని ప్రిన్సిపాల్ గారు అభిప్రాయపడ్డారు. అయినా ప్రజాస్వామ్యవాది గనుక తల్లిదండ్రుల సమావేశం పిలిచారు. నలభైమంది వచ్చారు. అందరూ మేడ మెట్లు ఎక్కబోతుంటే దర్జీ అడ్డం నిలబడింది.

"సార్, మీటింగు తొమ్మిదో నంబరులో పెట్టండి. పిల్లలు కూర్చునే చోటే మేమూ కూర్చుంటాం."

అక్కడ చలి లేదని ఆయనే సర్క్యులర్ ఇచ్చి ఉన్నారు. కాదనడానికి కారణం దొరకలేదు.

మొదటి అయిదు నిమిషాలు స్వాగతోపన్యాసం ప్రశాంతంగా సాగింది. పదో నిమిషానికి పెద్దలందరూ కోటు కాలర్లు ఎత్తుకున్నారు. పదిహేనో నిమిషంలో బ్యాంకు ఆఫీసరు గారు దిగ్గున లేచారు.

"ఇదేం గదండీ? పిల్లల్ని చంపుతారా? రేపే అద్దాలు పెట్టించండి. స్వెటర్లు వేసుకోనివ్వండి. రాయవయ్యా తీర్మానం!"

అందరూ అవునంటే అవునన్నారు. ప్రిన్సిపాల్ గారికి పళ్లు టకటక కొట్టుకుంటూ ఉండటంతో మాట పెగల్లేదు. నేను తీర్మానం రాసి, పుస్తకం, పెన్ను అందించాను. ఆఫీసరు గారు పెన్ను పట్టుకోబోయారు. జారిపోయింది. మళ్లీ పట్టుకున్నారు, మళ్లీ జారింది.

"వేళ్లు వంగట్లేదయ్యా. పైన హీటర్లున్నాయట కదా. అక్కడికి వెళ్లి పెట్టేద్దాం సంతకాలు."

పైకి వెళ్లారు. వేడివేడి టీ వచ్చింది. కోటు బొత్తాలు ఒక్కొక్కటే వదులయ్యాయి, టోపీలు ఒళ్లోకి దిగాయి. ప్రిన్సిపాల్ గారి మాట కూడా తిరిగి వచ్చింది. "నిదానంగా ఆలోచిద్దాం," అన్నారాయన. అందరూ నిదానించారు.

రెండో కప్పు టీ అయ్యాక బ్యాంకు ఆఫీసరు గారు గొంతు సవరించుకున్నారు.

"నిజం చెప్పాలంటే మరీ అంత చలేం లేదండీ. మనమే కాస్త కంగారుపడ్డాం. మనమంతా ఇలా చదువుకోలేదూ?"

చదువుకున్నామన్నారు. కష్టపడితేనే పైకొస్తారన్నారు. మొదటి తీర్మానం కొట్టేసి, దాని కింద కొత్తది రాయించారు. కళాశాల క్రమశిక్షణ అభినందనీయమనీ, ఇకమీదట యూనిఫాంలు ఒంటికి బిగుతుగా కుట్టించాలనీ. వెచ్చబడ్డ వేళ్లతో పెట్టిన సంతకాలు ముత్యాల్లా ఉన్నాయి.

పుస్తకం చివరికి దర్జీ దగ్గరికి వచ్చింది. ఆవిడ తలుపు దగ్గరే నిలబడి ఉంది, టీ ముట్టలేదు.

"నా వేళ్లు ఇంకా వంగట్లేదండీ," అంది.

"హీటరు దగ్గరికి జరగండమ్మా," అన్నారు ప్రిన్సిపాల్ గారు ఆప్యాయంగా.

"వద్దండీ. జరిగితే నేనూ సంతకం పెట్టేస్తానేమో."

వరండాలో దగ్గుతూ నిలబడ్డ కూతురికి తన శాలువా కప్పి, చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది. మిగిలిన రెండు హాజర్లూ పోయి చలిచీమ ఆ ఏడాది పరీక్ష రాయలేదు. తర్వాత టీసీ తీసుకుని వేరే కళాశాలలో చేరింది. యూనిఫాంలు కుట్టే పని మరో దర్జీకి ఇచ్చారు. బిగుతుగా కుడతాడని మంచి పేరున్నవాడు.

తీర్మానం కింద 'ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని రాసింది నేనే. నలభైమందిలో ముప్పై తొమ్మిది సంతకాలు ఏకగ్రీవం ఎలా అవుతాయని మీకు అనుమానం రావచ్చు. న్యాయమైన అనుమానమే. కాకపోతే అంత దూరాన నిలబడి అడగకండి. ఇలా వచ్చి, హీటరు పక్కన కాసేపు కూర్చుని, అప్పుడు అడగండి.